పొగగొట్టానికి నిప్పు కన్నా నీరే ముప్పు

వానలు ఎక్కువగా కురిసే చోట, ఏడాదిలో చాలా రోజులు గాలిలో చెమ్మ నిలిచి ఉండే చోట ఫైర్‌ప్లేస్ ఉన్న ఇళ్లవారు ఈసారి చాలా ఉత్తరాలు రాశారు. అన్నీ కలిపి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. నిప్పు విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటున్నారు గాని, మంట వెలగని నెలల్లో పొగ పోయే చిమ్నీ గొట్టంలోకి నీరు ఎటునుంచి వస్తున్నదో చూసేవారు తక్కువ. ఒకే ఇబ్బందిని వేర్వేరు మాటల్లో అడిగిన ఉత్తరాలను కలిపి, కొన్నిటికి వివరంగానూ, కొన్నిటికి క్లుప్తంగానూ ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: వాన గట్టిగా కురిసినప్పుడల్లా చిమ్నీని ఆనుకుని ఉన్న పడకగది సీలింగు మీద గోధుమరంగు మరక వస్తోంది. కప్పు మీది పెంకులు రెండుసార్లు మార్పించాం. మరక మాత్రం మళ్లీ మళ్లీ తేలుతూనే ఉంది. లోపం ఎక్కడుందని వెతకాలి?

జవాబు: మరక కనిపించిన చోటే నీరు దిగుతున్నదని అనుకోవడం సహజమే గాని, నీరు వాసాల వెంట, గోడ వెంట ఎంతో దూరం పాకి వెళ్లి, ఏ మేకు దగ్గరో, ఏ అతుకు దగ్గరో చుక్కగా రాలుతుంది. అందువల్ల మరకకు సరిగ్గా పైనున్న పెంకులను ఎన్నిసార్లు మార్పించినా ఫలితం లేకపోవచ్చు. చిమ్నీలోకి నీరు రావడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: మూత లేని గొట్టం నోరు, ఆ నోటి చుట్టూ చిమ్నీ నెత్తిన పోసిన కాంక్రీటు పలక, ఇటుకల ఒళ్లు, చిమ్నీ ఇంటి కప్పును చీల్చుకుని పైకి వచ్చే చోట ఉండే అతుకు.

వీటిలో ఏది మీ దారి అన్నది మరక వచ్చే వేళను బట్టి చాలావరకు ఊహించవచ్చు. వాన మొదలైన కొద్దిసేపటికే సీలింగు తడిస్తే అతుకును అనుమానించాలి. వాన వెలిసిన కొన్ని గంటలకో, మర్నాటికో మరక ముదిరితే ఇటుకలు నీరు పీల్చుకుని నెమ్మదిగా వదులుతున్నాయని అర్థం. ఫైర్‌ప్లేస్ లోపల, బూడిద మీద నీటి చుక్కల గుంటలు కనిపిస్తే గొట్టం నోరే తెరిచి ఉందన్నమాట. వాన లేకపోయినా, మంట వేసిన రోజుల్లోనే గోడకు చెమ్మ వస్తున్నదంటే అది బయటి నీరు కాదు, పొగలోని ఆవిరి గొట్టంలో చల్లబడి నీరుగా మారుతున్నది. దాని సంగతి కట్టెల గురించిన ప్రశ్నలో వస్తుంది.

ఊహతో సరిపెట్టుకోకుండా రూఢి చేసుకోవాలంటే, పొడిగా ఉన్న రోజున తోటకు నీళ్లు పట్టే పైపుతో పరీక్ష చేయించండి. ముందు అతుకు దగ్గర, తరువాత ఇటుకల మీద, చివరిగా పలక మీద, ఇలా కిందినుంచి పైకి ఒక్కొక్క భాగాన్ని 15, 20 నిమిషాల పాటు తడపాలి. ఆ సేపంతా ఒక మనిషి లోపల టార్చిలైటుతో కాచుకుని ఉండాలి. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి అన్ని భాగాలనూ తడుపుతుంది కనుక, తప్పు ఎవరిదో తేలదు. తడి కప్పు మీద కాలు జారడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. ఈ పనిని తాడు, నిచ్చెన అలవాటున్న వారికే అప్పగించండి. ఫోను కెమెరాను జూమ్ చేసి నేలమీద నిలబడి చూసినా పలకలోని బీటలు, లేచిపోయిన రేకులు చాలావరకు కనిపిస్తాయి.

అతుకు దగ్గర రెండు వరసల రేకులుండాలి. మొదటి వరస పెంకులతో పాటు మెట్లు మెట్లుగా కప్పు మీద పడుకుని, చిమ్నీ గోడ మీదికి మడిచి ఉంటుంది. రెండో వరస ఇటుకల సందులో గుచ్చి, మొదటి దాని మీదికి గొడుగులా దిగుతుంది. దీనినే పనివారు ఫ్లాషింగ్ అంటారు. చాలా ఇళ్లలో ఆ రెండో వరస ఉండదు. బదులుగా నల్లటి తారు మందంగా పూసి ఉంటుంది. తారు పూత ఎండకు ఎండి, గోడకూ కప్పుకూ మధ్య కదలికలకు చిట్లి, కొన్ని ఏళ్లలోనే నోరు తెరుస్తుంది. దానిమీద మరో పూత పూయించుకోవడం రాబోయే వానాకాలానికి మరమ్మతును వాయిదా వేయడమే. చిమ్నీ వెడల్పు 75 సెంటీమీటర్లు దాటి, వాలు కప్పు మధ్యలో నిలిచి ఉంటే, దాని ఎగువ వైపున నీటిని రెండు పక్కలకూ మళ్లించే చిన్న గట్టులాంటి వాలు కప్పు కూడా అవసరం. లేకపోతే ఆకులు, చెత్త అక్కడే పేరుకుని, వాన వెలిశాక కూడా నీరు నిలుస్తుంది.

నెత్తిన ఉన్న పలకను సన్నటి సిమెంటు సున్నంతో గాక కాంక్రీటుతో, బయటికి వాలు ఉండేలా పోయించాలి. అది ఇటుకల అంచును దాటి సుమారు 5 సెంటీమీటర్లు ముందుకు రావాలి. ఆ అంచు అడుగున చిన్న గాడి ఉంటే నీరు గోడ మీదికి పాకకుండా అక్కడే చుక్కగా రాలిపోతుంది. పలకను లోపలి మట్టి గొట్టానికి అంటుకునేలా పోయరాదు. మంటకు గొట్టం వేడెక్కి పెరిగినప్పుడు పలకను చీలుస్తుంది కనుక, మధ్యలో సన్నటి ఎడం ఉంచి, సాగే గుణమున్న సీలెంటుతో నింపాలి. నోటి మీద గొడుగులాంటి మూత తప్పనిసరి. దాని చుట్టూ ఉండే జల్లెడ కన్నాలు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటే పక్షులు దూరవు, పొగ ఆగదు. అంతకన్నా సన్నటి జల్లెడ తడి మసితో త్వరగా పూడుకుపోతుంది.

ప్రశ్న: మా ఇల్లు పాతది. చిమ్నీ ఇటుకలు పొరలు పొరలుగా రాలుతున్నాయి. సందుల్లోని సున్నం వేలితో గీకినా పొడిగా ఊడుతోంది. చిమ్నీ మొత్తానికి గట్టి సిమెంటు పూత పూసి, పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు కొడితే ఇక జన్మలో చూసుకోనక్కర్లేదని మేస్త్రీ గారు అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: చేయించవద్దు. మేస్త్రీ గారి ఉద్దేశం మంచిదే. నీరు లోపలికి రాకూడదన్నంత వరకు ఆయన చెప్పింది సరైనదే. అయితే వచ్చిన నీరు బయటికి ఎలా పోతుందన్నది ఆ పద్ధతి పట్టించుకోదు. ఇటుక వానలో నీరు పీల్చుకుని, ఎండ కాసినప్పుడు అదే ముఖం మీదుగా వదులుతుంది. చిమ్నీకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది: లోపలి వైపునుంచి పొగలోని ఆవిరి కూడా ఇటుకలోకి చేరుతుంది. పెయింటు పొర ఈ రెంటినీ లోపలే బంధిస్తుంది. ఆ పొరలో వెంట్రుకంత చీలిక వచ్చినా నీరు లోపలికి దూరుతుంది, తిరిగి రావడానికి మాత్రం దారి ఉండదు. గడ్డకట్టే చలి కూడా ఉన్న ప్రాంతమైతే, ఆ నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి ఇటుక ముఖాన్ని అట్టలా లేపేస్తుంది. కప్పు మీదికి లేచిన చిమ్నీ భాగం నాలుగు వైపులా తడుస్తుంది కనుక, ఇంట్లోని ఏ గోడ కన్నా ముందు అదే పాడవుతుంది.

పాత ఇళ్ల ఇటుక మెత్తన, సున్నపు అతుకు అంతకన్నా మెత్తన. లోపలి చెమ్మ ఆ మెత్తటి సందుల గుండానే ఎక్కువగా ఆరిపోతుంది. అరిగితే సందు అరుగుతుంది, ఇటుక నిలుస్తుంది; సందును మళ్లీ నింపుకోవచ్చు. అక్కడ గట్టి సిమెంటు పెడితే ఈ వరస తలకిందులవుతుంది: చెమ్మ ఇటుక ముఖం గుండానే బయటపడాల్సి వచ్చి, కొన్నేళ్లకు ఇటుకలు లోపలికి అరిగిపోయి, సిమెంటు గీతలు మాత్రం తేనెతుట్టె గోడల్లా నిలబడి ఉంటాయి.

మీరు చేయించవలసింది ఇది. వదులైన సందులను రెండు రెండున్నర సెంటీమీటర్ల లోతు వరకు ఉలితో నెమ్మదిగా గీకించండి. కోత మిషను పెడితే ఇటుక అంచులు దెబ్బతింటాయి. సందులను దుమ్ము లేకుండా కడిగి, తడిపి, సున్నపు మిశ్రమాన్ని పొరలు పొరలుగా కూరించి, కొన్ని రోజులు ఎండా వానా నేరుగా తగలకుండా గోనెపట్టాతో కప్పి ఉంచాలి. ముఖం పూర్తిగా రాలిపోయిన ఇటుకలను తీసి, అదే మెత్తదనం ఉన్న వాటిని పెట్టించండి. గోడ పూర్తిగా ఆరిన తరువాత, కావాలంటే సిలేన్ లేదా సైలాక్సేన్ జాతి ద్రావణం పూయించవచ్చు. అది ఇటుక రంధ్రాలను మూసివేయదు; నీటి చుక్కను నిలవనీయదు, ఆవిరిని పోనిస్తుంది. కానీ అది బీటలకు మందు కాదు. బీటలున్న గోడకు దానిని పూయడం చిరిగిన గొడుగుకు రంగు వేయడం లాంటిది.

ఇటుకల మీద తెల్లటి ఉప్పు పొర తేలిందని రాసినవారికి కూడా ఇదే జవాబు. నీరు ఇటుకలోని లవణాలను కరిగించి, ముఖం మీదికి తెచ్చి, తాను ఆరిపోతుంది. ఆ పొరను పొడి బ్రష్షుతో దులపండి. నీటితో కడిగితే లవణాలు మళ్లీ లోపలికే వెళ్తాయి.

ప్రశ్న: మంట సరిగా అంటుకోదు, ఇల్లంతా పొగ, ఫైర్‌ప్లేస్ పైభాగం నుంచి నల్లటి జిగురు లాంటిది కారుతోంది. కట్టెలు తడవకుండా పెరట్లో టార్పాలిన్ పట్టాతో అన్ని వైపులా గట్టిగా కప్పి ఉంచుతున్నాం. అయినా ఎందుకిలా?

జవాబు: ఆ పట్టాయే మీ కట్టెలను తడిగా ఉంచుతున్నది. నేలనుంచీ కట్టెలనుంచీ లేచిన ఆవిరి పట్టా లోపలి వైపు చల్లబడి, నీటి బొట్లుగా తిరిగి కట్టెల మీదే రాలుతుంది. వాన పైనుంచి పడకుండా కప్పు ఉంటే చాలు. నాలుగు పక్కలా గాలి ఆడాలి. కట్టెలను చీల్చి, నేలకు కనీసం జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా, ఒకే వరసగా పేర్చండి. చీల్చని దుంగ బెరడు వల్ల ఏళ్ల తరబడి లోపల పచ్చిగానే ఉంటుంది. మెత్తటి జాతి కట్టె ఆరడానికి ఆరు నెలల నుంచి ఏడాది, చేవగల కట్టెకు ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది.

మా వాతావరణంలో కట్టె ఎప్పటికీ ఎండదని కొందరు నిరాశపడుతూ రాశారు. అది నిజం కాదు. గాలిలో తేమ 80 శాతం ఉన్నా, వాన తగలకుండా గాలి ఆడే చోట ఉంచిన కట్టెలో తేమ క్రమంగా సుమారు 16 శాతానికి దిగి అక్కడ స్థిరపడుతుంది. మంటకు పనికిరావాలంటే 20 శాతం లోపు ఉంటే చాలు. తడి వాతావరణంలో కట్టెకు శత్రువు నేరుగా పడే వాన, నేల చెమ్మ; గాలిలోని తేమ అంతగా కాదు. తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. దానిని కట్టె పైభాగాన గాక, అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద పెట్టి చూడాలి. మీటరు లేనివారు రెండు కట్టెలను ఒకదానితో ఒకటి కొట్టి చూడవచ్చు: ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొనల దగ్గర నక్షత్రంలా విచ్చిన బీటలు కూడా మంచి గుర్తు.

పచ్చి కట్టె వల్ల వేడి తగ్గుతుందని అందరికీ తెలుసు. లెక్క వేస్తే ఆ నష్టం అనుకున్నంత పెద్దది కాదు. సగం బరువు నీరే ఉన్న పది కిలోల పచ్చి కట్టెలో, ఆ అయిదు లీటర్లను ఆవిరి చేయడానికి పోయే వేడి కట్టెలోని మొత్తం శక్తిలో ఏడో వంతుకు దగ్గరగా ఉంటుంది. అసలు నష్టం గొట్టంలో జరుగుతుంది. నీరు మరుగుతున్నంతసేపు మంట వేడి పెరగదు. మంట చల్లగా ఉంటే పొగలోని జిగురు వాయువులు కాలకుండానే పైకి వెళ్తాయి. బాగా ఎండిన కట్టె కాలినా కిలోకు సుమారు అర లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది, పచ్చి కట్టె దానికి తన నీటిని కూడా జోడిస్తుంది. గొట్టంలో పొగ వేడి సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గితే, ఈ ఆవిరీ జిగురూ గోడల మీద చల్లబడి క్రియోసోట్ అనే నల్లటి పదార్థంగా పేరుకుంటాయి. మీ ఇంట్లో కారుతున్నది అదే. ఇంటి బయటి గోడ వెంట కట్టిన చిమ్నీలు తడి గాలికి ఇంకా త్వరగా చల్లబడతాయి కనుక, వాటిలో ఈ బాధ ఎక్కువ. ఉష్ణరోధకం చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు లైనరు, అంటే లోపలి గొట్టం, దించడం వాటికి మంచి విరుగుడు.

క్రియోసోట్ మొదట పొడి మసిలా ఉండి బ్రష్షుకు ఊడుతుంది. తరువాత పెళుసు పెచ్చులుగా మారుతుంది. మూడో దశలో అద్దంలా మెరిసే తారు పొరగా గట్టిపడి, మామూలు బ్రష్షుకు లొంగదు. పొర 3 మిల్లీమీటర్ల మందం చేరితే మంట ఆపి శుభ్రం చేయించవలసిందే. అది అంటుకుంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీలు దాటగలదు. రైలు వెళ్తున్నట్టు హోరు వినిపిస్తుంది, చిమ్నీ నోటినుంచి నిప్పురవ్వలు ఎగురుతాయి. అటువంటప్పుడు ఫైర్‌ప్లేస్‌కు తలుపులుంటే మూసి, గాలి దారులు కట్టేసి, అందరూ బయటికి వచ్చి, అగ్నిమాపక దళాన్ని పిలవాలి. గొట్టంలోకి నీళ్లు గుమ్మరించకూడదు; కాలుతున్న మట్టి గొట్టం ఒక్కసారిగా పగిలి, మంట ఇంటి కలపకు దారి చేసుకుంటుంది. మంట చల్లారినా, పూర్తి తనిఖీ అయ్యేదాకా మళ్లీ అగ్గిపుల్ల గీయవద్దు.

ప్రశ్న: మంట వేయని వానాకాలంలోనే ఫైర్‌ప్లేస్ నుంచి కమురు వాసన వస్తుంది. అగరువత్తులు, వంటసోడా అన్నీ అయ్యాయి.

జవాబు: గొట్టంలో మిగిలిన క్రియోసోట్ చెమ్మకు నాని వాసన వదులుతుంది. చలికాలంలో గాలి పైకి వెళ్తుంది కనుక తెలియదు. వెచ్చని రోజుల్లో గాలి కిందికి దిగుతుంది, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను దానిని ఇంకా గట్టిగా లాగుతుంది. వాసన వచ్చినప్పుడు ఆ ఫ్యాను ఆపి, ఒక కిటికీ తెరిచి చూడండి. వాసన తగ్గితే ఇల్లు చిమ్నీ గుండా గాలి పీల్చుకుంటున్నదన్నమాట. మంట వేసే కాలం ముగిసిన వెంటనే గొట్టం శుభ్రం చేయించడం అసలు మందు. చాలామంది చలి మొదలయ్యే ముందు చేయిస్తారు, అప్పటికి వానలన్నీ మసిని నానబెట్టి ఉంటాయి. గొట్టం ఆరాక, నోటి దగ్గరే రబ్బరు అంచుతో మూసుకునే డ్యాంపర్, అంటే గొట్టాన్ని మూసి తెరిచే తలుపు, బిగించుకుంటే వానా, తడి గాలీ రెండూ ఆగుతాయి. మంట వేసేముందు దానిని తెరవడం మరిచిపోకుండా, దానిని లాగడానికి కిందికి వేలాడే గొలుసుకు ఒక ఎర్రగుడ్డ కట్టుకోండి.

ప్రశ్న: ఎన్నో ఏళ్ల కిందటే మూసేసిన చిమ్నీ గోడ మీద తడి మరకలు వచ్చి పోతున్నాయి. కప్పు మీద అన్నీ బాగు చేయించాం. ఇప్పుడు వాన లేని రోజున కూడా మరక కనిపిస్తోంది.

జవాబు: మీరు రాసిన చివరి వాక్యంలోనే కారణం ఉంది. ఎన్నో ఏళ్ల పొగ ఆ ఇటుకల్లోకి లవణాలను ఇంకించింది. అవి గాలిలోని తేమను నేరుగా పీల్చుకుంటాయి కనుక, ఉక్కపోసిన రోజున మరక ముదురుతుంది, పొడి రోజున మాయమవుతుంది. ఇక కప్పు మీద వెతకడం దండగ. ఉప్పు పట్టిన గచ్చును మరక దాటి ఒక జానెడు మేర వరకు చెక్కించి, ఇటుకలను ఆరనిచ్చి, సున్నంతో కొత్త గచ్చు వేయించండి. జిప్సం గచ్చు ఇక్కడ వద్దు, అది ఉప్పును మళ్లీ పైకి లాగుతుంది. మూసేసిన చిమ్నీకి పైన వాన పడని గాలి మూత, కింద గోడలో జాలీ తప్పక ఉండాలి. రెండు చివరలా బిగించి మూస్తే లోపలి చెమ్మకు మీ గోడ తప్ప వేరే దారి లేదు.

ప్రశ్న: బూడిదను ఎప్పుడు తీయాలి?

జవాబు: రోజూ మంట వేసే కాలంలో అంగుళం మందాన బూడిద ఉంచితే నిప్పు నిలుస్తుంది. కాలం ముగిశాక పూర్తిగా తీసేయండి. చెమ్మకు నానిన బూడిద తనను ఆనుకుని ఉన్న ఇనుప భాగాలకు తుప్పు పట్టిస్తుంది. నివురు గప్పిన నిప్పు అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. బూడిదలో కణికలు మూడు నాలుగు రోజుల దాకా బతికి ఉండగలవు. అందువల్ల బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, ఇంటికి దూరంగా, రాతి నేల మీద ఉంచాలి.

ప్రశ్న: గొట్టాన్ని మేమే శుభ్రం చేసుకోవచ్చా? వానలు తగ్గాక మొదటి మంట వేయడానికి ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: పొడి మసి అయితే మీరే చేసుకోవచ్చు. మట్టి గొట్టానికి ఇనుప తీగల బ్రష్షు, స్టీలు లైనరుకు ప్లాస్టిక్ తీగల బ్రష్షు వాడాలి. మాస్కు, చేతితొడుగులు తప్పనిసరి. చిమ్నీలు ఊడ్చేవారికి వచ్చే ఒక రకం క్యాన్సరుకు మసే కారణమని పెర్సివాల్ పాట్ అనే ఆంగ్లేయ శస్త్రవైద్యుడు 1775లోనే గుర్తించాడు. అయినా ఏడాదికి ఒకసారి పని తెలిసినవారి చేత కెమెరా దించి చూపించుకోండి. గొట్టంలోని అతుకులు విడిపోయాయో లేదో బ్రష్షు చెప్పదు.

మొదటి మంటకు ముందు డ్యాంపర్ తెరిచి, ఫైర్‌ప్లేస్‌లో చిన్న అద్దం పట్టి, గొట్టం నోటి వెలుతురు అందులో కనిపిస్తున్నదో లేదో చూడండి. కనిపించకపోతే పక్షి గూడో, రాలిన ఇటుకో అడ్డుపడి ఉండవచ్చు. అలాంటప్పుడు వెలిగిస్తే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరిగి వస్తుంది. దానిని పట్టే అలారం పడకగదుల దగ్గర ఉండాలి, బ్యాటరీని ఈ రోజునే పరీక్షించాలి. తరువాత ఒక కాగితపు చుట్టను వెలిగించి, ఫైర్‌ప్లేస్ పైన గొట్టం మొదలయ్యే చోట కాసేపు పట్టుకుంటే గొట్టంలో నిలిచిన చల్లగాలి కదులుతుంది. పొగ పైకి లాగుతున్నదని తేలాక, రెండు మూడు సన్నటి పుల్లలతో చిన్న మంట వేయండి. నెలల తరబడి నీరు పీల్చిన ఇటుకలకు ఒక్కసారిగా పెద్ద మంట తగిలితే లోపలి నీరు ఆవిరై వాటిని చీలుస్తుంది. రెండో రోజు కాస్త పెద్దది, మూడో రోజు ఇంకాస్త పెద్దది వేస్తూ, గొట్టం బయటి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. చెమ్మ తగలడం ఆగిపోయి, పొడి వెచ్చదనం తగిలిన రోజున పెద్ద దుంగ పెట్టవచ్చు.